వెస్ట్‌హామ్ మ్యాచ్‌కి జనం ఎంత? నూరేళ్ళ లెక్క, దాని వెనక కథ

ముందు రెండు అంకెలు చూడండి. 1985-86లో వెస్ట్‌హామ్ యునైటెడ్ ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. లీగ్‌లో ఆ క్లబ్ అంతకన్నా పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ ఏడాది సొంత మైదానంలో ఒక్కో మ్యాచ్‌కి వచ్చిన జనం సగటున సుమారు 21 వేలు. 2003-04లో అదే క్లబ్ కింది డివిజన్‌కి పడిపోయి, ఉన్న మంచి ఆటగాళ్ళని అమ్ముకుంటూ ఆడింది. ఆ ఏడాది సగటు సుమారు 31 వేలు.

జట్టు బాగా ఆడితే జనం వస్తారు, ఆడకపోతే రారు అని మనం మామూలుగా అనుకుంటాం. మన సినిమా హాళ్ళకి అది చాలావరకు సరిపోతుంది. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్బుకి అంత తేలిగ్గా సరిపోదు. జనం లెక్క వెనక ఆటకన్నా ఎక్కువగా వేరే విషయాలు పనిచేస్తాయి: ఎన్ని సీట్లున్నాయి, టికెట్ ఎంత, వెళ్ళి క్షేమంగా తిరిగి రాగలమా, అసలు ఆ లెక్క ఎవరు ఎలా వేశారు. వెస్ట్‌హామ్ కథలో ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. పైగా మనవాళ్ళు వేల సంఖ్యలో ఉంటున్న న్యూహామ్ బరోలోనే ఇదంతా జరిగింది. మన కౌన్సిల్ టాక్స్ డబ్బుకి కూడా ఇందులో పాత్ర ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నేను ఉండేది ఈస్ట్‌హామ్‌లో. మన వీధుల్లో కొత్తగా దిగిన పిల్లలకి, అంటే చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి, వెస్ట్‌హామ్ అంటే ట్యూబ్ మ్యాపులో ఒక స్టేషన్. అంతే. 2016 మే వరకు ఆ క్లబ్ మైదానం గ్రీన్ స్ట్రీట్ మీద, మనం పెళ్ళి చీరలు కొనుక్కునే దుకాణాల వరసకి కొంచెం దూరంలో ఉండేదంటే వాళ్ళు నమ్మరు. ఇంకో విచిత్రం కూడా ఉంది. పాత రోజుల్లో వెస్ట్‌హామ్, ఈస్ట్‌హామ్ రెండు వేరువేరు పట్టణాలు. రెండింటికీ సరిహద్దు గ్రీన్ స్ట్రీటే. మైదానం ఆ వీధికి తూర్పు వైపున ఉంది. అంటే వెస్ట్‌హామ్ క్లబ్ నూట పన్నెండేళ్ళు ఆడింది ఈస్ట్‌హామ్ గడ్డ మీద. 1965లో రెండు పట్టణాలనీ కలిపి న్యూహామ్ చేశాక ఆ తేడా పోయింది.

ఓడలు కట్టేవాళ్ళ క్లబ్

ఈ క్లబ్ 1895లో థేమ్స్ ఐరన్‌వర్క్స్ అనే ఓడల కంపెనీలో పనివాళ్ళ జట్టుగా మొదలైంది. కంపెనీ యజమాని ఆర్నల్డ్ హిల్స్. చొక్కా మీద రెండు సుత్తులు అడ్డంగా కనిపించేది అందుకే, అవి రివెట్లు కొట్టే సుత్తులు. 1900లో పేరు వెస్ట్‌హామ్ యునైటెడ్ అయింది. 1904లో బోలిన్ గ్రౌండ్‌కి వచ్చారు. మనం అప్టన్ పార్క్ అని పిలిచే మైదానం అదే. అక్కడ మొదటి మ్యాచ్ మిల్వాల్‌తో. 3-0తో గెలిచారు. సుమారు పది వేలమంది వచ్చారని చెప్తారు.

"చెప్తారు" అని రాయడానికి కారణం ఉంది. 1925 దాకా ఇంగ్లండ్‌లో క్లబ్బులు జనం లెక్కని లీగ్‌కి అధికారికంగా ఇవ్వనక్కరలేదు. పత్రికా విలేకరి గ్యాలరీ వైపు ఒకసారి చూసి "ఇరవై వేలు ఉంటారు" అని రాస్తే అదే చరిత్ర. ఆ కాలం అంకెల చివర మూడేసి సున్నాలు కనిపించేది అందుకే. 1925 తరవాత అంకెలు ఒకట్ల స్థానం దాకా దొరుకుతాయి. కానీ ఒకట్ల స్థానం దాకా ఉన్నంత మాత్రాన అవి నిజమని కాదు, అది ముందు ముందు చూద్దాం.

జనాన్ని లెక్కపెట్టడం ఎంత కష్టమో చెప్పడానికి వెస్ట్‌హామ్ ఆడిన ఒక్క మ్యాచ్ చాలు. అది సొంత మైదానంలో ఆడింది కాదు. 1923 ఏప్రిల్ 28న కొత్తగా కట్టిన వెంబ్లీలో మొట్టమొదటి ఎఫ్‌ఏ కప్ ఫైనల్, బోల్టన్‌తో. అధికారిక లెక్క 1,26,047. గోడలు దూకి, గేట్లు తోసుకుని వచ్చినవాళ్ళని కలిపితే రెండు లక్షలు దాటి ఉంటారని అంచనాలు. మైదానం నిండా జనమే. పోలీసులు గుర్రాల మీద వచ్చి వాళ్ళని గీత దాకా వెనక్కి జరిపితే గానీ ఆట మొదలవలేదు. అందులో జార్జ్ స్కోరీ అనే కానిస్టేబుల్ ఎక్కిన బిల్లీ అనే తెల్ల గుర్రం ఫొటోల్లో అందరికీ గుర్తుండిపోయింది. వెస్ట్‌హామ్ 2-0తో ఓడింది. టికెట్ కొన్నవాళ్ళు, లోపలికి వచ్చినవాళ్ళు ఒకటి కాదన్న సంగతి ఆరోజు అందరూ కళ్ళారా చూశారు. తరవాత నుంచీ ఫైనల్‌కి ముందుగా టికెట్ అమ్మడం మొదలుపెట్టారు.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌కి శనివారం మూడు గంటల ముహూర్తం ఎలా వచ్చిందో మనవాళ్ళు కొందరు అడుగుతుంటారు. ఫ్యాక్టరీల్లో శనివారం ఒంటిపూట పని. మధ్యాహ్నం జీతం చేతికొచ్చాక మనిషి నేరుగా మైదానానికి వెళ్ళేవాడు. తూర్పు లండన్‌లో అప్పుడు పనికి కొదవ లేదు. రాయల్ డాక్స్, బెక్టన్ గ్యాస్ వర్క్స్, పంచదార ఫ్యాక్టరీలు. ఆ పనివాళ్ళే వెస్ట్‌హామ్ జనం. తూర్పు వైపు చెక్కతో కట్టిన ఒక స్టాండ్ ఉండేది, ఇనుప వలతో కోళ్ళగూడులా కనిపించేది కాబట్టి దాన్ని "చికెన్ రన్" అనేవారు. అక్కడ నిలబడేవాళ్ళ నోటికి ప్రత్యర్థి ఆటగాళ్ళే కాదు, సొంత ఆటగాళ్ళు కూడా భయపడేవారట. 1960ల చివర్లో దాన్ని కూల్చి కొత్తది కట్టారు.

బోలిన్ గ్రౌండ్ ఎప్పుడూ చిన్నదే. చుట్టూ ఇళ్ళు, చర్చి, బడి, పబ్బు. పెంచుదామంటే చోటు లేదు. అందుకే మాంచెస్టర్ సిటీ 1934లో ఒక కప్ మ్యాచ్‌కి 84,569 మందిని కూర్చోబెట్టగలిగితే, కాదు, నిలబెట్టగలిగితే, వెస్ట్‌హామ్ తన అత్యధిక రికార్డు 42 వేల దగ్గరే ఆగింది. 1936లో చార్ల్టన్‌తో మ్యాచ్‌కి 43,528 మంది వచ్చారని ఒక అంకె వినిపిస్తుంది, కానీ యుద్ధంలో క్లబ్ కాగితాలు పోవడంతో దాన్ని అధికారికంగా లెక్కలోకి తీసుకోరు. 1944లో జర్మన్ల వి-1 బాంబు మైదానం మూలలో పడింది. రికార్డుగా ఒప్పుకునేది 42,322. అది 1970 అక్టోబర్ 17న, టోటెన్‌హామ్‌తో. ఆ ఏడాది మార్చిలో వెస్ట్‌హామ్ తన మార్టిన్ పీటర్స్‌ని టోటెన్‌హామ్‌కి ఇచ్చి, బదులుగా జిమ్మీ గ్రీవ్స్‌ని తీసుకుంది. జనం ఎందుకు విరగబడ్డారో వేరే చెప్పక్కరలేదు.

అన్నిటికన్నా తక్కువ లీగ్ జనం కూడా అదే మైదానంలో, పదిహేనేళ్ళ ముందు. 1955 ఫిబ్రవరి 24న డాన్‌కాస్టర్‌తో రెండో డివిజన్ మ్యాచ్‌కి 4,373 మంది. తారీఖు చూస్తే కారణం తెలుస్తుంది, అది గురువారం. మైదానంలో 1953లోనే ఫ్లడ్‌లైట్లు పెట్టారు. కానీ లీగ్ మ్యాచ్‌లు లైట్ల కింద ఆడటానికి 1956 దాకా అనుమతి లేదు. దాంతో పగటిపూట, పని వేళల్లో ఆడాల్సి వచ్చేది. చలికాలంలో గురువారం పూట రేవులో పని మానుకుని ఎవరొస్తారు? ఆటలో ఏ తప్పూ లేకపోయినా జనం పడిపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

దేశం మొత్తం మీద చూస్తే జనం శిఖరానికి చేరింది 1948-49లో. యుద్ధం అయిపోయింది, చేతిలో కాస్త డబ్బుంది, ఇంట్లో టీవీ లేదు, కారు లేదు. ఆ ఒక్క సీజన్‌లో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లకి 4 కోట్ల 12 లక్షల పైచిలుకు జనం వెళ్ళారు. అక్కడి నుంచి మొత్తం మీద దిగుడే. వెస్ట్‌హామ్ మంచి రోజులు ఆ దిగుడు మధ్యలో వచ్చాయి. 1964లో ఎఫ్‌ఏ కప్, 1965లో వెంబ్లీలో 97,974 మంది ముందు యూరోపియన్ కప్ విన్నర్స్ కప్, 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ బాబీ మూర్, గోల్స్ కొట్టిన హర్స్ట్, పీటర్స్ ముగ్గురూ వెస్ట్‌హామ్ వాళ్ళే. ప్రపంచంలో ఇంకే క్లబ్‌కైనా ఇలాంటి ముగ్గురుంటే మైదానం దగ్గర తొక్కిసలాట జరిగేది. ఇక్కడ ఆ తరవాతి ఏళ్ళలో కూడా సగటు 30 వేల చుట్టుపక్కలే తిరిగింది.

జనం లేని మ్యాచ్, జనం రాని దశాబ్దం

1980 అక్టోబర్ 1న ఇదే మైదానంలో ఒక మ్యాచ్‌కి హాజరు 262. అక్షరాలా రెండు వందల అరవై రెండు. ఆ ఏడాది కప్ విన్నర్స్ కప్‌లో రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టీయాతో మొదటి మ్యాచ్ మాడ్రిడ్‌లో జరిగినప్పుడు వెస్ట్‌హామ్ అభిమానులు గొడవ చేశారు. శిక్షగా రెండో మ్యాచ్ తలుపులు మూసి ఆడమన్నారు. ఆటగాళ్ళు, అధికారులు, విలేకరులు తప్ప మైదానంలో ఎవరూ లేరు. ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే కేకలు ఖాళీ మెట్ల మీద ప్రతిధ్వనించాయని అప్పటివాళ్ళు చెప్తారు. డేవిడ్ క్రాస్ మూడు గోల్స్ కొట్టాడు, 5-1తో గెలిచారు. క్లబ్ చరిత్రలో ఒక మంచి విజయాన్ని చూసినవాళ్ళు మన గుళ్ళో ఉగాది పంచాంగ శ్రవణానికి వచ్చేవాళ్ళకన్నా తక్కువ.

ఆ గొడవ ఒక్క రోజుది కాదు. 1970లు, 80లలో ఇంగ్లండ్ మైదానాల దగ్గర రౌడీ మూకల బెడద తీవ్రంగా ఉండేది. వెస్ట్‌హామ్ పేరుతో తిరిగే మూక దేశమంతటా పేరుమోసింది. నేషనల్ ఫ్రంట్ వాళ్ళు మైదానాల బయట తమ పత్రికలు అమ్మేవారు, అప్టన్ పార్క్ దగ్గర కూడా. సరిగ్గా అదే కాలంలో గ్రీన్ స్ట్రీట్ చుట్టూ మన ఉపఖండం వాళ్ళు స్థిరపడుతున్నారు. గుజరాతీలు, పంజాబీలు, సిల్హెటీలు, 1972లో ఉగాండా నుంచి తరిమేస్తే వచ్చినవాళ్ళు. తెలుగువాళ్ళం చాలా తరవాత వచ్చాం. ఆ రోజుల్లో దుకాణాలు నడిపిన పెద్దవాళ్ళతో నేను మాట్లాడాను. శనివారం మ్యాచ్ ఉందంటే రెండున్నరకి షట్టర్ సగం దించడం, ఆట అయిపోయి జనం వెళ్ళిపోయేదాకా పిల్లల్ని బయటికి పంపకపోవడం వాళ్ళకి అలవాటు. ఇంటి గోడకి అవతల ఇరవై వేలమంది ఉన్నా, వాళ్ళు ఏ ఆట చూస్తున్నారో చాలా ఇళ్ళలో అడిగేవాళ్ళు కాదు.

దీన్ని ఒకే వైపు నుంచి చెప్పడం కూడా సరికాదు. 1972 ఏప్రిల్ 1న టోటెన్‌హామ్ మీద వెస్ట్‌హామ్ ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళతో బరిలోకి దిగింది: బెర్ముడా నుంచి వచ్చిన క్లైడ్ బెస్ట్, క్లైవ్ చార్ల్స్, ఏడ్ కోకర్. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో అంతకుముందు ఏ జట్టూ అలా ఆడించలేదు. మెట్ల మీద నిలబడి బెస్ట్‌ని పేరుపెట్టి పిలిచి ప్రేమించినవాళ్ళూ ఆ జనంలోనే ఉన్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన 1985-86కి వద్దాం. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో స్టాండ్ కాలిపోయి 56 మంది చనిపోయారు. మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో 39 మంది. ఫుట్‌బాల్‌కి వెళ్ళడమంటే ప్రాణాల మీదకి తెచ్చుకోవడమన్న అభిప్రాయం ఇళ్ళల్లో బలపడింది. దానికి తోడు ప్రసార హక్కుల మీద బేరం కుదరక సీజన్ మొదటి సగంలో టీవీలో ఆటే లేదు. ఫ్రాంక్ మెకావెనీ అనే కుర్రాడు గోల్ మీద గోల్ కొడుతుంటే దేశంలో చాలామందికి అతని ముఖం తెలియదు. రేవులు 1981కల్లా మూతపడ్డాయి, ఊళ్ళో ఉద్యోగాల్లేవు. ఆ సీజన్‌లో దేశం మొత్తం లీగ్ జనం సుమారు కోటి 65 లక్షలు. 1948-49తో పోల్చుకోండి, సగం కూడా కాదు. ఇదీ ఆ 21 వేల కథ. ఆటలో లోపం వల్ల కాదు, ఆటకి వెళ్ళే దారిలో భయం వల్ల.

సీట్లు వచ్చాయి, మనుషులు మారారు

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిడి జరిగింది. చనిపోయినవాళ్ళ సంఖ్య చివరికి 97కి చేరింది. లార్డ్ జస్టిస్ టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన నివేదిక ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌ని మార్చేసింది. పై రెండు డివిజన్ల మైదానాల్లో నిలబడి చూసే మెట్లు తీసేసి, అందరికీ సీట్లు వేయాలి. గడువు 1994 ఆగస్టు.

సీట్లు వేయాలంటే డబ్బు కావాలి. 1991లో వెస్ట్‌హామ్ దానికో పథకం వేసింది. అభిమానులు 500 నుంచి 975 పౌండ్ల దాకా పెట్టి బాండు కొనాలి. దానితో సీటు రాదు, సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు మాత్రమే వస్తుంది. అంటే పెళ్ళి భోజనానికి ముందు కుర్చీలో కూర్చునే అనుమతికి వేరే కట్నం అన్నమాట. జనం మండిపడ్డారు, మైదానంలోకి దిగి నిరసన చేశారు. బాండ్లు ఏ మూలకీ అమ్ముడుపోలేదు. అదే సీజన్‌లో జట్టు కింది డివిజన్‌కి పడింది. 1992-93లో సగటు సుమారు 16 వేలు. నాకు తెలిసినంతలో ఆట బాగాలేక కాకుండా క్లబ్ మీద అలిగి జనం తగ్గిన ఏళ్ళు ఇవే.

1993లో బాబీ మూర్ చనిపోయాడు, కొత్త స్టాండ్‌కి ఆయన పేరు పెట్టారు. సీట్లు వేశాక మైదానంలో చోటు 26 వేలకి కుంచించుకుపోయింది. 1990ల చివర్లో అది దాదాపు ప్రతిసారీ నిండేది. 2001లో పడమటి వైపు పెద్ద స్టాండ్ కట్టాక చోటు 35 వేలయింది, జనం 34 వేల దాకా వెళ్ళారు. చూశారా, జనం పెరగలేదు, సీట్లు పెరిగాయి. బయట నిలబడినవాళ్ళు లోపలికొచ్చారు. రెండో డివిజన్‌లో కూడా 31 వేలమంది రావడానికి అదే కారణం: సీజన్ టికెట్ ఒకసారి వదులుకుంటే మళ్ళీ దొరుకుతుందో లేదోనన్న భయం. పాత రోజుల్లో మనిషి శనివారం పొద్దున్న వాన చూసి వెళ్ళాలా వద్దా అనుకునేవాడు. ఇప్పుడు మే నెలలోనే ఏడాదికి డబ్బు కట్టేస్తున్నాడు.

ఈలోగా ఊరు మారింది. 2011 జనాభా లెక్కల్లో న్యూహామ్‌లో శ్వేతజాతి బ్రిటిష్ వాళ్ళు 16.7 శాతం. 2021 లెక్కల్లో ఆసియన్లు 42.2 శాతం. పాత తూర్పు లండన్ కుటుంబాలు డాగెన్‌హామ్‌కి, రామ్‌ఫర్డ్‌కి, ఎసెక్స్ ఊళ్ళకి తరలిపోయాయి. అయినా స్టేడియం ఖాళీ అవలేదు. వాళ్ళు రెండు వారాలకోసారి డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి తాతల ఊరికి వచ్చేవారు. మన పల్లెల్లో జాతరకి పట్నాల నుంచి వచ్చినట్టే. ఆట అవగానే పై తునకలు తిని, పబ్బులో ఓ గ్లాసు తాగి, రైలెక్కి వెళ్ళిపోయేవారు. మైదానం లోపల ఒక ఊరు, బయట ఇంకో ఊరు. మధ్యలో అప్టన్ పార్క్ స్టేషన్ దగ్గర పోలీసు గుర్రాలు. సామాన్ల సంచులతో ట్యూబ్ ఎక్కాలని చూసే మనలాంటివాళ్ళు ఆ క్యూ చూసి వెనక్కి తిరిగి, ఈస్ట్‌హామ్ దాకా నడిచిపోయేవాళ్ళం.

60 వేల సీట్లు, 42 వేల మనుషులు

2016 మే 10న బోలిన్ గ్రౌండ్‌లో చివరి మ్యాచ్. మాంచెస్టర్ యునైటెడ్ మీద 3-2. ఆ ఆగస్టు నుంచి క్లబ్ స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒలింపిక్ స్టేడియానికి మారింది. పాత మైదానం చోట 842 ఇళ్ళ అపార్టుమెంట్లు లేచాయి. బార్కింగ్ రోడ్ మూలన 1966 వీరుల విగ్రహం మాత్రం అక్కడే ఉంది.

మార్పు మొదటి ఏడాదే సగటు జనం 35 వేల నుంచి దాదాపు 57 వేలకి ఎగిరింది. తరవాత అనుమతించే సీట్లు 62,500కి పెంచారు, ప్రకటించే సగటు 62 వేలు దాటింది. బాబీ మూర్ కాలంలో రాని జనం ఇప్పుడు ఎలా వచ్చారు? మొదటి కారణం ధర. 2016-17లో పెద్దవాళ్ళ చౌక సీజన్ టికెట్ 289 పౌండ్లు, 16 ఏళ్ళలోపు పిల్లలకి 99 పౌండ్లు. లండన్‌లో ప్రీమియర్ లీగ్ ఆటకి అది మామూలు ధర కాదు. రెండోది, స్ట్రాట్‌ఫర్డ్‌కి రాని రైలు లేదు.

కానీ టీవీలో చూస్తే ఖాళీ సీట్లు కనిపిస్తాయి. "నాన్నా, 57 వేలన్నారు, అక్కడ ఎవరూ లేరేం?" అని పిల్లలు అడిగితే జవాబు ఇది: ప్రీమియర్ లీగ్‌లో ప్రకటించేది అమ్ముడైన టికెట్ల సంఖ్య. సీజన్ టికెట్ ఉన్న మనిషి ఆరోజు ఇంట్లో పడుకున్నా లెక్కలో ఉంటాడు. గేటు దగ్గర నిజంగా లోపలికి వచ్చినవాళ్ళ సంఖ్య భద్రత కోసం కౌన్సిల్ దగ్గర విడిగా ఉంటుంది. 2018లో న్యూహామ్ కౌన్సిల్ లెక్క బయటికొచ్చింది. సగటున సుమారు 42,800. క్లబ్ చెప్పినదానికన్నా 12,500 తక్కువ. ఈ తేడా అన్ని క్లబ్బుల్లోనూ ఉంది, వెస్ట్‌హామ్‌లో మరీ ఎక్కువ.

ఇందులో ఒక తమాషా ఉంది. పాతకాలంలో క్లబ్బులు జనాన్ని తక్కువ చేసి చూపిస్తాయని అనుమానాలుండేవి. ఎందుకంటే 1957 దాకా టికెట్ మీద వినోదపు పన్ను కట్టాలి, 1983 దాకా గేటు డబ్బులో కొంత వచ్చిన జట్టుకి ఇవ్వాలి. గేటు దగ్గర చిల్లర లెక్కపెట్టే కాలం అది. ఇప్పుడు గేటు డబ్బుకన్నా టీవీ డబ్బు చాలా పెద్దది. 2016-19కి బ్రిటన్‌లో హక్కులే 513 కోట్ల పౌండ్లకి పోయాయి. నిండిన స్టేడియం ఇప్పుడు ప్రకటన బోర్డుల వాళ్ళకి చూపించే సరుకు. కాబట్టి ఎక్కువ చెప్పడమే లాభం. 42,322 అన్న 1970 అంకె, 42,800 అన్న 2018 నాటి అసలు అంకె దాదాపు ఒకటే కావడం యాదృచ్ఛికమే అయినా, నాకు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఇష్టం.

అసలు అంకె ఎవరికి కావాలి? మనకే. ఒలింపిక్స్ అయ్యాక స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కి మార్చడానికి సుమారు 32 కోట్ల 30 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి, అందులో చాలాభాగం ప్రజల డబ్బు. క్లబ్ 99 ఏళ్ళ ఒప్పందం మీద మొదట్లో ఏడాదికి 25 లక్షల పౌండ్ల అద్దె కట్టింది. మ్యాచ్ రోజు కాపలావాళ్ళ ఖర్చు లాంటివి స్టేడియం నడిపే ప్రభుత్వ సంస్థ నెత్తిన. న్యూహామ్ కౌన్సిల్ ఇందులో 4 కోట్ల పౌండ్లు పెట్టింది. 2017 చివరికి 5 కోట్ల 20 లక్షల పౌండ్లు పోయినట్టు తేలి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. ఈస్ట్‌హామ్‌లో ఇంటికి కౌన్సిల్ టాక్స్ కట్టే మనవాళ్ళు ఆట చూడకపోయినా టికెట్ డబ్బు కట్టినట్టే. 62 వేల సీట్ల అవసరం ఎంత అన్న ప్రశ్న అడిగే హక్కు మనకి అలా వచ్చింది.

అయినా కొత్త స్టేడియం ఒక మేలు చేసిందని నేను చెప్పగలను. గ్రీన్ స్ట్రీట్‌లో మైదానం పక్కనే ఉన్నప్పుడు లోపలికి అడుగుపెట్టని కుటుంబాలు స్ట్రాట్‌ఫర్డ్‌కి వెళ్తున్నాయి. షాపింగ్ సెంటర్ మీదుగా నడిచి, పిల్లల చెయ్యి పట్టుకుని, ముదురు ఎరుపు చొక్కాల మధ్యలో. పాత అభిమానులకి ఇది నచ్చదు. మైదానం ఆటకి దూరమైందని, అథ్లెటిక్స్ ట్రాక్ చోటు మధ్యలో ఉందని, గొంతు పోయిందని అంటారు. 2018 మార్చిలో బర్న్‌లీ మ్యాచ్‌లో మైదానంలోకి దిగి నిరసన చేశారు. వాళ్ళ బాధ నిజమే. మా బోటి వాళ్ళకి ఆ గొంతే ఒకప్పుడు భయం.

కోవిడ్ ఏడాదిలో మళ్ళీ 262 నాటి నిశ్శబ్దం వచ్చింది, ఈసారి అన్ని మైదానాల్లో. 2020 డిసెంబర్ 5న ప్రీమియర్ లీగ్‌లో జనాన్ని మొదట లోపలికి రానిచ్చింది లండన్ స్టేడియంలోనే, మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌కి, 2,000 మందిని. 2023 జూన్‌లో ప్రాగ్‌లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచారు. 2024-25లో పిల్లలకి, పెద్దవయసు వాళ్ళకి ఇచ్చే రాయితీలు తగ్గించినప్పుడు మళ్ళీ గొడవ. 99 పౌండ్ల టికెట్‌తో పెరిగిన జనమే రాయితీ పోతే ఎక్కడికి వెళ్తారో క్లబ్బు ఆలోచించుకోవాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. శనివారం మూడు గంటల మ్యాచ్ బ్రిటన్‌లో టీవీలో రాదు. మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ప్రత్యక్ష ప్రసారం నిషేధం, జనం మైదానాలకి వెళ్ళాలనే పాత నియమం. దుబాయ్‌లో, డాలస్‌లో ఉన్న మన బంధువులు చూడగలరు, రెండు మైళ్ళ దూరంలో ఉన్న మనం చూడలేం. స్టేడియంలో టికెట్ దొరకకపోతే, లేదా నలుగురికి కలిపి ఖర్చెక్కువనిపిస్తే, వెస్ట్‌హామ్ ఆడవాళ్ళ జట్టు డాగెన్‌హామ్‌లో విక్టోరియా రోడ్డు మైదానంలో ఆడుతుంది. జనం తక్కువ, ధర తక్కువ, గీత పక్కనే నిలబడి చూడొచ్చు, ఆటగాళ్ళ కేకలు వినిపిస్తాయి. ఈస్ట్‌హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి డాగెన్‌హామ్ ఈస్ట్‌లో దిగండి, అక్కణ్ణుంచి నడకే.